యంత్రమునకు కనబడు చదువు

ఆస్ట్రేలియా ఖండమున నడిమి భాగము చాలవఱకు ఎఱ్ఱని ఇసుకనేల. అచ్చట పశువులను మేపుకొని జీవించు కుటుంబములు ఒకదానికొకటి పదుల కొలదిగా, ఒక్కొక్కచో వందల కొలదిగా కిలోమీటర్ల దూరమున నివసించుచుండుటచే, పిల్లలకు బడి యనునది నడచిపోగల తావు కాక, రేడియోపెట్టెనుండి వినవచ్చు కంఠధ్వని యయ్యెను. 1951 జూన్ నెలలో ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణమున, విమానములలో పోయి రోగులను చూచివచ్చు వైద్యుల కొఱకై నెలకొల్పిన రేడియో కేంద్రమునే ఆశ్రయించి ప్రారంభమైన ‘స్కూల్ ఆఫ్ ది ఎయిర్’లో, ఉపాధ్యాయిని మాటలాడుటయే కాక, త్వరలోనే విద్యార్థియు మీట నొక్కి బదులు చెప్పగలిగెను, ఆ బదులును తక్కిన ఇసుకదిబ్బల నడుమ నున్న పిల్లలందఱును వినగలిగిరి. ఈ పద్ధతి తరువాత ఆ దేశమున ఇతర రాష్ట్రములకును వ్యాపించెను. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో పెరిగి, ఈ రేడియో పాఠములను వినుచు, విమానమున వచ్చి దిగు కాగితపు పాఠములను వ్రాయుచు బాల్యము గడపిన మార్టిన్ డుగియామస్ అను నతడు, పెరిగి పెద్దవాడై పెర్త్ నగరమందలి కర్టిన్ విశ్వవిద్యాలయమున కంప్యూటర్ల పని చూచుచుండగా, ఆ విశ్వవిద్యాలయము కొని తెచ్చిన ‘వెబ్‌సీటీ’ యను బోధన సాఫ్ట్‌వేరు తన కెంతమాత్రమును నచ్చకపోవుటచే, తానే యొకటి వ్రాయ నారంభించెను. అదియే మూడిల్. దాని మొదటి సంపూర్ణరూపము 2002 ఆగస్టు 20వ తేదీన విడుదల యయ్యెను. ఎవరైనను ఉచితముగా తీసికొని, తమ కంప్యూటరున నెక్కించుకొని, కావలసినట్లు మార్చుకొనవచ్చునని అతడు దానిని లోకమునకు వదలెను.

ఇట్టి వానికి నేడు కళాశాలలలో ‘ఎల్.ఎం.ఎస్.’ అని వాడుక. అనగా బోధనకును అభ్యసనమునకును సంబంధించిన వ్యవహారమునంతటిని ఒక్కచోట నిర్వహించు వ్యవస్థ. హైదరాబాదు, వరంగల్లు, విశాఖపట్నములనుండి పై చదువులకై అమెరికాకు పోవు మన పిల్లలు, అచ్చట మంచు చూచుటకంటె ముందే ‘కాన్వాస్’ వంటి దానిలో లాగిన్ చేయవలసి వచ్చును. అధ్యాపకుడు పాఠమును అప్‌లోడ్ చేయును, విద్యార్థి అసైన్‌మెంటును గడువులోపల సబ్మిట్ చేయును, క్విజ్ వ్రాయును, గ్రేడ్‌బుక్కులో మార్కులు కనబడును. ఇంతమాత్రమునకు శాస్త్రమేమున్నది యని పాఠకులు అడుగవచ్చును. ఈ యంత్రము లోపల నేమి జరుగుచున్నదో, అది విద్యార్థియం దేమి చూడగలదో, ఏమి చూడజాలదో తెలిసినపుడు గాని, దానిని ఉంచదగిన చోటేదో, ఉంచరాని చోటేదో నిర్ణయింప వీలుపడదు.

వెబ్ సర్వరునకు స్వభావసిద్ధముగా జ్ఞాపకశక్తి లేదు. ఒక విద్యార్థి ఒక పుట నడిగెను, అది యిచ్చెను. మరుక్షణమున అతడే మఱియొక పుట నడిగినచో, ఇతడే యిందాక వచ్చినవాడని దానికి తెలియదు. ఈ లోపమును కప్పుటకై, లాగిన్ చేయు సమయమున ఒక దీర్ఘమైన సంకేతసంఖ్యను పుట్టించి విద్యార్థి బ్రౌజరునకు అప్పగింతురు. తరువాత పంపు ప్రతి కోరికతోను బ్రౌజరు ఆ సంఖ్యను జతచేసి పంపును. సర్వరు తన పట్టికలలో దానిని వెదకి, ఈతడు ఫలానా విద్యార్థి, ఈ కోర్సున ఇతనికి చదువుట, వ్రాయుట అను అధికారములు గలవు, మార్కులు దిద్దు నధికారము లేదు అని తెలిసికొనును. అధికారము మనుష్యునకు కాక, ఆయా కోర్సున అతడు వహించు పాత్రకు చెందుట ఇందలి ముఖ్యాంశము. ఒకే వ్యక్తి ఒక కోర్సున బోధకుడై, మఱియొకదానిలో విద్యార్థి కావచ్చును. ఇంత సామాన్యమైన సంగతి, ఇక ముందు చెప్పబోవు కోర్టు వ్యాజ్యమునకు మూలమయ్యెను. ఇదియంతయు జరుగుచుండగా, మఱియొక పట్టికలో ప్రతి క్లిక్కునకును ఒక వరుస వ్రాయబడుచునే యుండును: ఎవరు, ఏ క్షణమున, ఏ చిరునామానుండి, ఏ పుటను తెఱచిరి, ఏమి పంపిరి. నూరుమంది విద్యార్థులున్న ఒక్క కోర్సునకు ఒక్క అర్ధసంవత్సరమున ఇట్టి వరుసలు వేలకు వేలు చేరును.

ఈ పట్టికయే యంత్రము కన్ను. దానికి కనబడునది చేత మాత్రమే కాని, చదువు కాదు. పాఠము గల ఫైలును విద్యార్థి పదునొకండు గంటల రాత్రి తెఱచెనని దానికి తెలియును. తెఱచి చదివెనో, తెఱచి నిద్రపోయెనో తెలియదు. ఐనను విద్యార్థి చేయు చేతలన్నియు ఒక్క జాతివి కావు. కొన్ని చేతలు చదువునకు గుర్తు మాత్రమే. ఫైలు తెఱచుట యిట్టిది. కొన్ని చేతలు తామే చదువు. మఱచిపోవుచున్న విషయమును మనస్సున వెదకి పట్టుకొని జవాబు వ్రాయుట, తనకు తెలిసినదానిని తోడివానికి అర్థమగునట్లు వాక్యములలో పెట్టుట ఇట్టివి. ఎల్.ఎం.ఎస్. వలన మేలెంత కలిగినను ఈ రెండవ జాతి చేతలవలననే కలిగినదనియు, కీడంతయు మొదటి జాతివానిని చదువని భ్రమించుటవలన వచ్చినదనియు నా యభిప్రాయము.

ఆ భ్రమకు మంచి నిదర్శనము అమెరికాలో కలదు. ఇండియానా రాష్ట్రమందలి పర్‌డ్యూ విశ్వవిద్యాలయమువారు, విద్యార్థుల క్లిక్కులను, మార్కులను, పూర్వపు చదువును కలిపి లెక్కగట్టి, ప్రతి విద్యార్థికిని ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ దీపములలో నొకదానిని చూపు ‘కోర్స్ సిగ్నల్స్’ అను పద్ధతిని కల్పించిరి. ఆ దీపములున్న కోర్సులు రెండో, అంతకు మించియో చదివినవారు చదువు మానక నిలిచియుండుట ఎక్కువగా కనబడినదని ప్రకటన వెలువడగా, విద్యాలోకము సంతోషించెను. 2013లో కొందఱు విమర్శకులు చిన్న ప్రశ్న వేసిరి: దీపములు చూచుటచే వారు నిలిచిరా, నిలిచినవారే గావున అట్టి కోర్సులు ఎక్కువగా చదివిరా? మొదటి సంవత్సరమున చదువు మానినవాడు రెండవ సంవత్సరపు కోర్సులు చదువనేరడు గదా! కారణమును కార్యముగా, కార్యమును కారణముగా తలక్రిందులు చేయుట శాస్త్రమున పాతతప్పే. పట్టికలో వరుసలు ఎక్కువైనంత మాత్రమున ఆ తప్పు తక్కువ కాదు.

చదువు చెప్పు యంత్రముల కథ వెబ్ కంటె చాల ప్రాచీనమైనది. ఓహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున సిడ్నీ ప్రెస్సీ యను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1920ల నడిమి కాలముననే, సరియైన మీట నొక్కినగాని తరువాతి ప్రశ్నకు కదలని యొక పరికరమును చూపెను. అదే శాస్త్రమునకు చెందిన బి.ఎఫ్. స్కిన్నర్ 1954లో ఒక బోధనయంత్రమును ప్రదర్శించెను. వీనికంటె నాకు విలువైనదిగా తోచునది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డొనాల్డ్ బిట్జర్ 1960లో ఆరంభించిన ‘ప్లేటో’. మొదట అది ఒక గదినంతయు నాక్రమించిన ఇలియాక్ కంప్యూటరునకు తగిలించిన ఒకే ఒక్క విద్యార్థి పీఠము. గాజుగొట్టపు టెలివిజను తెరలపై బొమ్మ నిలిపియుంచుటకు అప్పటి కంప్యూటరు స్మృతి చాలకపోవుటచే, తన బొమ్మను తానే నిలుపుకొనగల తెర కావలసివచ్చి, బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ అను మువ్వురు 1964లో ప్లాస్మా తెరను కనిపెట్టిరి. పిదప కొన్ని దశాబ్దములకు మన యిండ్ల గోడల కెక్కిన ప్లాస్మా టీవీలు బడిపిల్లలకై పుట్టిన యీ తెరకు సంతానమని ఎఱిగినవారు తక్కువ. 1972 నాటి ప్లేటో నాల్గవ రూపమున, నారింజవన్నెలో వెలుగు ఆ తెరను విద్యార్థి వ్రేలితో తాకి జవాబు చెప్పగలిగెను.

ఆ యంత్రమునకు కర్తలు తలపని సంగతి యొకటి 1973లో జరిగెను. వ్యవస్థలోని లోపములను తెలుపుటకై అందఱును వ్రాయదగిన యొక ఫైలుండెడిది. అందు ఒకరు వ్రాసినదానిని మఱియొకరు చెరిపివేయుట కడ్డు లేకుండెను. డేవిడ్ వూలీ యను యువకుడు దానికి మాఱుగా, ప్రతి ఫిర్యాదును వేఱుగా నిలిచి, దాని క్రింద జవాబులు వరుసగా చేరునట్లు ‘నోట్స్’ అను కార్యక్రమమును వ్రాసెను. లోపములు చెప్పుకొనుటకు పుట్టినది త్వరలోనే శాస్త్రచర్చకు, రాజకీయమునకు, పరిహాసమునకు వేదిక యయ్యెను. రాత్రులందు ‘ఎంపైర్’ వంటి యుద్ధక్రీడలు సరేసరి. పాఠము చెప్పుటకు కట్టిన యంత్రమును విద్యార్థులు మాటలాడుకొనుటకు వాడుకొనిరని కొందఱు పెద్దలు నొచ్చుకొనియుందురు. నొచ్చుకొనవలసిన పని లేదు. విద్యార్థి తనంతట తాను వ్రాయుచున్న చోటనే యంత్రము కన్ను చదువునకు మిక్కిలి చేరువలో నున్నది.

డుగియామస్ మూడిల్ రూపకల్పనలో పట్టుకొన్న తత్త్వమును ఇదియే. జ్ఞానమును ఒకరు మఱియొకరికి పోయజాలరనియు, ఇతరులు చూచుటకై ఏదో యొకటి నిర్మించుచున్నపుడే మనుష్యుడు బాగుగా నేర్చుకొనుననియు చెప్పిన సీమోర్ పేపర్ట్ మొదలైనవారి మతమును అతడు అనుసరించెను. అందుచేత మూడిల్‌లో చర్చావేదికయు, విద్యార్థులే కలసి వ్రాయు విషయకోశమును, ఒకరి వ్రాతను మఱియొకరు దిద్దు వర్క్‌షాపును తొలినాళ్లలోనే ప్రధానాంగములైనవి. కాని మూడిల్‌ను తెచ్చుకొన్న విద్యాలయములలో పెక్కు దీనిని పాత సామాను త్రోసివేయు అటకగా వాడుకొనుచున్నవి. పదేండ్లనాటి పవర్‌పాయింట్ ఫైళ్లు అందులో చేరి, పరీక్షల ముందటి రాత్రి తప్ప ఎవరి చేతికిని దిగవు.

ఇక ఆ వ్యాజ్యము. 1997లో అమెరికాలో పుట్టిన బ్లాక్‌బోర్డ్ సంస్థ, వెబ్‌సీటీని తనలో కలుపుకొనిన 2006వ సంవత్సరముననే, ఒకే వ్యక్తి ఒకే లాగిన్‌తో వేర్వేఱు కోర్సులలో వేర్వేఱు పాత్రలు వహించుటకు సంబంధించిన పేటెంటును సంపాదించి, కెనడాకు చెందిన డిజైర్‌టులెర్న్ అను సంస్థపై దావా వేసెను. ప్రపంచమునందలి విద్యాసాంకేతికులు కోపించి, ప్లేటో మొదలుకొని పాతవ్యవస్థల చరిత్రనంతటిని త్రవ్వితీసి, ఇది నీవు కనిపెట్టినది కాదని సాక్ష్యములు ప్రోగుచేసిరి. 2008లో టెక్సస్ జ్యూరీ బ్లాక్‌బోర్డునకు డిజైర్‌టులెర్న్ 31 లక్షల డాలర్ల నష్టపరిహారము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. 2009లో అప్పీలు కోర్టు ఆ పేటెంటు వాదములు చెల్లవని కొట్టివేసెను. వ్యాపారమునకు కలిగిన లాభనష్టములు మనకు ముఖ్యములు కావు. ఈ వ్యాజ్యమువలన ఈ శాస్త్రమునకు చరిత్ర యొకటి లిఖితమైనది.

యంత్రమునకు కనబడు చేతలలో ప్రశ్నకు జవాబిచ్చుట శ్రేష్ఠమైనది. దీనికి ప్రయోగముల ప్రమాణము కలదు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అను శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగమున, విద్యార్థులలో కొందఱు ఒక గద్యభాగమును రెండుమాఱులు చదివిరి. కొందఱు ఒకమాఱు చదివి, రెండవమాఱు పుస్తకము చూడక గుర్తున్నంతవఱకు వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా, రెండుమాఱులు చదివినవారికి 81 శాతమును, వ్రాసినవారికి 75 శాతమును జ్ఞాపకమున్నవి. వారము దినములు గడచిన పిమ్మట ఫలితము తారుమాఱయ్యెను: చదివినవారికి 42, వ్రాసినవారికి 56. స్మృతినుండి విషయమును పైకి లాగు శ్రమయే స్మృతిని దృఢము చేయునని దీని యర్థము. మఱల మఱల చదువుట హాయిగా నుండును, వచ్చినట్లే తోచును. ఆ తోచుటయే మోసము. పద్యములను కంఠస్థము చేయించి, మఱునాడు పుస్తకము మూయించి అప్పజెప్పించుకొన్న మన పాతకాలపు పంతుళ్లకు ఈ గణాంకములు చూపినచో ఆశ్చర్యపడియుండరు.

కావున ఎల్.ఎం.ఎస్.లో క్విజ్ అనునది పరీక్షకు కాక, అభ్యాసమునకు తగిన పరికరము. మూడిల్ దీనికి చక్కని సదుపాయములు కల్పించినది. విద్యార్థి తప్పు జవాబిచ్చినపుడు సూచన చూపి మఱల ప్రయత్నింపనిచ్చు రీతి యొకటి కలదు; ప్రతి తప్పు ప్రయత్నమునకు ఆ ప్రశ్న విలువలో మూడవవంతు తగ్గించుట అందు సామాన్యనియమము. గణితసంబంధమైన ప్రశ్నలలో సంఖ్యల స్థానమున అక్షరముల నుంచి, సూత్రమును మాత్రము వ్రాసినచో, యంత్రము ఒక్కొక్క విద్యార్థికి వేఱువేఱు సంఖ్యలనిచ్చును: ఒకనికి నిమిషమునకు 40 లీటర్లు తోడు మోటారు, మఱియొకనికి 65, నింపవలసిన తొట్టియు వేఱే. ప్రక్కవాని జవాబు చూచినవానికి లాభములేదు. ప్రక్కవానిని పద్ధతి యడిగినవానికి మాత్రమే లాభము.

క్విజ్ ముగిసిన పిదప అధ్యాపకునకు లభించు గణాంకములను చూచువారు బహుకొద్దిమంది. నిజమునకు ఈ వ్యవస్థలలో అత్యంత శాస్త్రీయమైన భాగమదియే. ప్రతి ప్రశ్నకును ముఖ్యముగా రెండు సంఖ్యలు వచ్చును. మొదటిది ఆ ప్రశ్న యెంత సులభమో చెప్పును: విద్యార్థులు సగటున దానికి ఎన్ని శాతము మార్కులు పొందిరి? నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొను ప్రశ్నకు ఇది 25కు చేరువగా వచ్చినచో, అందఱును కన్నులు మూసికొని గుర్తుపెట్టిరని అనుమానింపవచ్చును. రెండవది మఱింత చమత్కారమైనది. ఒక్కొక్క విద్యార్థి ఈ ప్రశ్నకు పొందిన మార్కును, తక్కిన ప్రశ్నలన్నింటిలో పొందిన మార్కులతో పోల్చి, ఆ రెంటికి గల సంబంధమును లెక్కగట్టుదురు. తక్కినవి బాగుగా వ్రాసినవారే దీనిని కూడ బాగుగా వ్రాసినచో సంఖ్య ధనాత్మకము; ప్రశ్న మంచిది. తెలివిగలవారందఱు తప్పి, తెలియనివారు ఒప్పినచో సంఖ్య ఋణాత్మకము. అప్పుడు దోషము విద్యార్థులది కాదు. అధ్యాపకుడు సరియైన జవాబును తప్పుగా గుర్తించియుండును, లేదా ప్రశ్న వాక్యమే ద్వ్యర్థిగా నుండును. జవాబును సవరించి, మఱల దిద్దుమని ఆజ్ఞాపించినచో యంత్రము క్షణములో అందఱి మార్కులను మార్చును. ఇచ్చట యంత్రము పరీక్షించుచున్నది అధ్యాపకునినే. బహుశః ఆ పుటను తెఱచువారు తక్కువగుటకు కారణ మిదియేమో!

మన దేశమున దూరవిద్యకు మంచి పునాదియే కలదు. భారతదేశమున తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో తెలుగునేలపైననే నెలకొల్పబడెను. అదియే నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. ఐ.ఐ.టి.లును, బెంగుళూరు విజ్ఞానసంస్థయు కలసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పాఠములు మొదట వీడియోలు, వెబ్‌పుటలు మాత్రమే. 2017 జులైలో ఆరంభమైన స్వయమ్ అను అంతర్జాల వేదికపై నేడవి వారపు అసైన్‌మెంట్లు, పరీక్షలు గల కోర్సులు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2016లో ఇట్టి కోర్సులనుండి 20 శాతము వఱకును, 2021లో 40 శాతము వఱకును క్రెడిట్లు తెచ్చుకొన నంగీకరించుటచే, ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగు కళాశాలలలో ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ అనునది ఇంటింటి మాట యయ్యెను. పండ్రెండు వారముల కోర్సులో ఉత్తమమైన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటునకు 25 మార్కులు. పరీక్షాకేంద్రమునకు పోయి వ్రాయు పరీక్షకు 75. ఆ యిరువదియైదు మార్కుల కొఱకు జవాబులు గడువునకు ముందే ఫోన్లలో చేతులు మాఱుట విద్యార్థులందఱికిని తెలిసిన రహస్యమే. ప్రశ్నలు అందఱికిని ఒక్కటే యైనంతకాలము ఇది జరుగుచునే యుండును.

2020లో బడులు మూతపడినపుడు తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీనుండి పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో ప్రసారమయ్యెను. ఇంట స్మార్ట్‌ఫోను లేని పిల్లవానికి టీవీ చేరుననుట నిజము; ఆ పిల్లవాడు మీట నొక్కి బదులు చెప్పలేడనుటయు నిజమే. ఆలిస్ స్ప్రింగ్స్ పిల్లలకు ఏనాడో లభించిన ఆ సౌకర్యము మన పిల్లలకు ఆ దినములలో లభింపలేదు. ఉపాధ్యాయులు వాట్సాప్‌లో హోంవర్కు ఫోటోలు తెప్పించుకొని ఆ లోటును కొంత పూడ్చిరి. వారు చేసినదే, పేరులేకున్నను, ఒక ఎల్.ఎం.ఎస్.

తెలుగుమాధ్యమమున ఈ వ్యవస్థలను నడపువారికి ఒక్క చిక్కు తప్పదు. ఒక్కమాట జవాబు గల ప్రశ్నలలో యంత్రము అక్షరములను పోల్చిచూచునే కాని అర్థమును పోల్చదు, ‘కిరణజన్యసంయోగక్రియ’ను ఒక విద్యార్థి ఒకటిగను, మఱియొకడు విడదీసి మూడు మాటలుగను వ్రాయును, ‘కేంద్రకం’, ‘కేంద్రకము’ రెండును సరియే. ప్రశ్న కూర్చువాడు ఈ రూపములన్నింటిని ముందుగానే జవాబుల పట్టికలో చేర్పవలెను. మూడిల్ స్వీకరించు ‘గిఫ్ట్’ అను రూపమున దీనిని ఏ నోట్‌ప్యాడులోనైనను వ్రాసికొనవచ్చును: ప్రశ్న, దాని తరువాత మీసపు బ్రాకెట్లలో సరియైన ప్రతి రూపమునకు ముందు సమానపు గుర్తు; ఎన్నుకొను ప్రశ్నయైనచో తప్పు జవాబునకు ముందు అలగుర్తు. కాకినాడలో ఒక జీవశాస్త్రోపాధ్యాయుడు ఇట్లు వ్రాసియుంచిన ఫైలును నల్లగొండలో మఱియొకరు తమ సర్వరునకు ఎక్కించుకొని, తమ పిల్లలు వ్రాసిన పిదప ఋణాత్మకముగా వచ్చిన ప్రశ్నల పట్టికను ఆయనకు తిరిగి పంపవచ్చును.